46 అని రాసి, 36 వచ్చిన బార్

సైకిల్‌ని ఒంటికి సరిపోయేలా అమర్చే ఫిట్టింగ్ కోసం నా దగ్గరికి వచ్చిన ఒకాయన, సైకిల్‌తో పాటు ఒక పొడవాటి అట్టపెట్టె కూడా పట్టుకొచ్చారు. సైకిల్ మట్టి, కంకర దారులకి చేసిన మామూలు గ్రావెల్ బైక్: అల్యూమినియం ఫ్రేమ్, 40 మి.మీ. టైర్లు, కేబుల్‌తో నడిచే డిస్క్ బ్రేకులు. పెట్టెలో ఆన్‌లైన్‌లో కొన్న ఫ్లేర్డ్ డ్రాప్ బార్ ఉంది, అంటే కిందికి వంగిన కొమ్ములు బయటికి విప్పారిన హ్యాండిల్. చేతిపట్టుకి చుట్టి ఊడదీసిన టేప్ జిగురు దాని మీద ఇంకా చారలు చారలుగా అంటుకునే ఉంది.

"రెండు వారాలు తొక్కాను బాబూ, మణికట్లు పట్టేశాయి. మళ్లీ పాత హ్యాండిలే వేసుకున్నా. బార్‌ది తప్పా, నా చేతులదా? వయసు మీద పడిందంటే సరే అనుకుంటా" అన్నారు.

ఆయన వయసు 52, ఎత్తు 170 సెం.మీ. వారానికోసారి 60 నుంచి 80 కిలోమీటర్లు తొక్కుతారు, అందులో సగం మట్టి, కంకర. పాత హ్యాండిల్ మీద ఫిర్యాదులు మూడు. కంకర మీద దిగేటప్పుడు పై నుంచి బ్రేకు పట్టడం చాలక భయం. కింది కొమ్ముల్లోకి చేతులు దించితే మరీ వంగిపోతున్నారు, పైగా ముంజేతులు హ్యాండిల్ పై గొట్టానికి కొట్టుకుంటున్నాయి. 40 కిలోమీటర్లు దాటాక చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కుతున్నాయి. వీటితో పాటు ముందు ఒక సంచి కట్టుకోవాలని కోరిక. డబ్బు ఇప్పటికే ఒక బార్ మీద పోయింది కాబట్టి ఈసారి తక్కువలో అవ్వాలి.

ముందు పాత హ్యాండిల్ కొలిచాను. వెడల్పు మధ్య నుంచి మధ్యకి 44 సెం.మీ., రీచ్ (హ్యాండిల్ ముందుకి సాగే దూరం) 85 మి.మీ., డ్రాప్ (కొమ్ములు కిందికి దిగే లోతు) 130 మి.మీ., ఫ్లేర్ (కొమ్ములు బయటికి వాలే కోణం) సున్నా, హ్యాండిల్‌ని సైకిల్‌కి పట్టి ఉంచే స్టెమ్ 90 మి.మీ. ఆయన భుజాల ఎముకల మధ్య దూరం 39 సెం.మీ. రోడ్డు సైకిళ్ల మీద ఒకప్పుడు అందరికీ వేసేసిన లోతైన, పొడవైన హ్యాండిల్ ఇది. ఆయనకి అన్ని వైపులా పెద్దది.

తర్వాత పెట్టెలోది తీశాను. బార్ మీద 460 మి.మీ. అని స్టిక్కర్, పక్కన 25 డిగ్రీలు. టేపు పెట్టి చూస్తే కింది కొమ్ముల కొసల దగ్గర 46. బ్రేకు లివర్లు బిగించే చోట 36. ఆయన ఒకటికి రెండుసార్లు తనే కొలిచి చూసుకున్నారు. "44 నుంచి 46కి వెళ్తున్నాననుకుని కొన్నాను కదా!" ఆ ముఖం చూస్తే జాలేసింది. వెడల్పైన హ్యాండిల్ అనుకుని, ఎక్కువ సేపు చేతులుండే చోట ఏకంగా 8 సెంటీమీటర్లు ఇరుకైనది తెచ్చుకున్నారు.

కంపెనీ అబద్ధం ఆడలేదు. డ్రాప్ బార్ వెడల్పు ఎక్కడ కొలవాలన్నదానికి అందరూ ఒకే పద్ధతి పాటించరు. కొందరు హుడ్స్ దగ్గర, అంటే లివర్ల రబ్బరు తొడుగులుండే చోట కొలుస్తారు. కొందరు కొమ్ముల కొసల దగ్గర కొలుస్తారు. కొందరు గొట్టం మధ్య నుంచి మధ్యకి చెప్తే, ఇంకొందరు బయటి అంచు నుంచి బయటి అంచుకి చెప్తారు. లివర్ పట్టే చోట గొట్టం లావు 23.8 మి.మీ. ఉంటుంది కాబట్టి ఆ పద్ధతి మారితేనే రెండున్నర సెంటీమీటర్ల తేడా వచ్చేస్తుంది. నిటారు కొమ్ముల హ్యాండిల్‌కి ఈ తికమక అంతవరకే. ఫ్లేర్ ఉన్నదానికి పది సెంటీమీటర్ల దాకా పోతుంది.

లెక్క తేలికే. కొమ్ము కిందికి దిగేకొద్దీ బయటికి వాలుతుంది. డ్రాప్‌లో ప్రతి 100 మి.మీ.కి ఒక్కో వైపు సుమారుగా 12 డిగ్రీలైతే 21 మి.మీ., 16 అయితే 29, 20 అయితే 36, 25 అయితే 47 బయటికి జరుగుతుంది. ఆయన బార్ డ్రాప్ 108, కోణం 25. ఒక్కో వైపు 50, రెండు వైపులా కలిపి 100. నలభై ఆరులోంచి పది తీసేస్తే ముప్పై ఆరు. కొనే ముందు ఈ తీసివేత ఒక్కటి చేసుకుని ఉంటే ఆ పెట్టె నా దగ్గరికి వచ్చేది కాదు. అమ్మే పేజీలో హుడ్స్ వెడల్పు, కొసల వెడల్పు రెండూ విడిగా ఇవ్వకపోతే, లెక్క వేసుకునేంత వరకు కొనవద్దనే చెప్తాను.

మణికట్ల నొప్పికి ఇరుకు ఒక కారణం. రెండోది లివర్ల వాలు. లివర్ తను బిగిసిన గొట్టం ఎటు వాలితే అటే వాలుతుంది. ఆ బార్‌లో ఫ్లేర్ మొదటి వంపు దగ్గరే మొదలవుతుంది, లివర్ పట్టే చోటికే గొట్టం 25 డిగ్రీలు పక్కకి ఒరిగిపోయి ఉంది. హుడ్స్ తలలు లోపలికి, బ్రేకు మీటల కొసలు బయటికి. పైన చేతులు పెట్టినప్పుడు అరచేయి వాటంగా ఆనదు, మణికట్టు మెలిపడుతుంది.

"రేసుల్లో వాళ్లూ లోపలికే తిప్పుకుంటారుగా?" అని అడిగారు. నిజమే, కానీ వాళ్లు లివర్ల మొనలు ఒకదానివైపు ఒకటి తిప్పుకుంటారు, గాలికి చేతులు ఇరుకుగా పెట్టుకోవడానికి. అది మరీ ముదిరే అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం యూసీఐ 2024 నుంచి 10 డిగ్రీలకు మించకూడదని గీత గీసింది. ఈయన లివర్లు మొనలు తిరగలేదు, నిలువునా పక్కకి ఒరిగాయి.

అన్ని ఫ్లేర్డ్ బార్లూ ఇలాగే ఉండవు. కొన్నిట్లో లివర్ పట్టే చోటు దాదాపు నిటారుగా ఉండి, దాని కింద నుంచి వాలు మొదలవుతుంది. ఇంకో మాట కూడా కలిసిపోతుంటుంది: అవుట్‌స్వీప్. ఫ్లేర్ ముందు నుంచి చూస్తే కనిపించే వాలు. అవుట్‌స్వీప్ పై నుంచి చూస్తే కనిపించేది, కొమ్ముల కొసలు బయటికి తిరగడం. ఫొటోలో తేల్చుకోవాలంటే సరిగ్గా ముందు నుంచి తీసిన బొమ్మ వెతికి, తెర మీద స్కేలు నిలువుగా ఆనించి, వాలు ఎక్కడ మొదలవుతుందో చూడాలి. పక్కవాటు ఫొటో ఎంత అందంగా ఉన్నా దీనికి పనికిరాదు.

ఇంత వాలు పెట్టిన బార్లు ఎందుకు తయారయ్యాయో తెలిస్తే ఈ కేసు సగం అర్థమవుతుంది. కాలిఫోర్నియాలోని మరిన్ కౌంటీలో మౌంటెన్ బైకులు పుడుతున్న రోజుల్లో చార్లీ కన్నింగ్‌హామ్ మట్టి దారుల కోసం కొమ్ములు విప్పారిన డ్రాప్ బార్లు వాడాడు. ఆయన, స్టీవ్ పాట్స్, మార్క్ స్లేట్ 1982లో పెట్టిన సైకిల్ భాగాల కంపెనీ డబ్ల్యూటీబీ పేరు మీదుగా ఆ ఆకారం అందరికీ తెలిసింది. ఆ పద్ధతిలో స్టెమ్ బాగా ఎత్తుగా ఉంటుంది. చేతులు రోజంతా కింది కొమ్ముల్లోనే ఉంటాయి, ఆ కొమ్ములే మామూలు హ్యాండిల్ ఎత్తులో ఉంటాయి. హుడ్స్ ఎలా వాలితే ఏం, వాటిని పట్టుకునేదెవరు? ఇప్పుడు అదే వాలుని, స్టెమ్ కిందికి దించిన సైకిళ్ల మీద, తొంభై పాళ్లు హుడ్స్ పట్టుకుని తొక్కేవాళ్లకి అమ్ముతున్నారు.

కాబట్టి ఫిట్టింగ్‌కి వచ్చినవాళ్లని నేను మొదట అడిగేది డిగ్రీలు కాదు, చేతులు ఎక్కువ సేపు ఎక్కడుంటాయని. ఈయన జవాబు: పైన హుడ్స్ మీద. కింది కొమ్ములు దిగుడు వచ్చినప్పుడే.

పెన్నుల పరీక్ష

డిగ్రీలు తేల్చడానికి నా దగ్గర ఖర్చు లేని ఒక పరీక్ష ఉంది. సైకిల్‌ని కదలకుండా పట్టి ఉంచే ట్రైనర్ స్టాండు మీద నిలబెట్టి ఆయన్ని కూర్చోబెట్టాను. రెండు చేతుల్లో లావుపాటి మార్కర్ పెన్నులు పెట్టి, కళ్లు మూసుకుని, చేతులు ముందుకి చాపి, కింది కొమ్ములు ఉండాల్సిన ఎత్తులో గాల్లోనే పట్టుకోమన్నాను. బిగించొద్దు, వదులుగా. ఫోన్ ఎదురుగా స్టాండు మీద పెట్టి ఫొటో తీశాను. చేతులు దించి, మళ్లీ ఎత్తి, ఇలా ఐదుసార్లు.

పెన్నుల అడుగు కొసలు బయటికి వాలాయి. ఐదు ఫొటోల్లో కోణం కొలిస్తే 13కి, 17కి మధ్య వచ్చింది. కుడి చేయి కొంచెం ఎక్కువ వాలింది, పాత దెబ్బ ఏదో ఉందట. ఇది వైద్య పరీక్షేం కాదు, అదే మనిషికి మర్నాడు రెండు డిగ్రీలు తేడా రావచ్చు. కానీ 25 ఆయన చేతికి పరాయిదని తేలడానికి ఇంతకంటే అక్కర్లేదు.

అందరికీ తెలిసిన బార్ల పేర్లతో ఈ ఫ్లేర్ మెట్లు చెప్పాలంటే సాల్సా కౌబెల్ 12 డిగ్రీలు, ఈస్టన్ ఈఏ50 ఏఎక్స్ 16, ప్రో డిస్కవర్ మీడియం ఫ్లేర్ 20, రిచీ వెంచర్‌మ్యాక్స్ 24, ప్రో డిస్కవర్ బిగ్ ఫ్లేర్ 30. వీటి అల్యూమినియం రకాలు మరీ ఖరీదైనవి కావు. వీటి కొలతలకి దగ్గరగా, పేరు లేని చౌక బార్లు కూడా దొరుకుతాయి. మేం రాసుకున్న చీటీ ఇది: హుడ్స్ దగ్గర 40 సెం.మీ., ఫ్లేర్ 16 డిగ్రీలకి అటూ ఇటూగా, డ్రాప్ 120 మి.మీ. లోపు, రీచ్ 70 నుంచి 75 మి.మీ., స్టెమ్ బిగించే చోట లావు 31.8 మి.మీ., కేబుళ్లు బయటి నుంచే పోవాలి.

చివరిది మరిచిపోవద్దు. గొట్టం లోపలి నుంచి కేబుళ్లు పోయే బార్ తక్కువ ధరకి దొరికినా, ఆ మిగులు బిగింపు కూలికి పోతుంది. మౌంటెన్ బైకు లివర్లు తీసి డ్రాప్ బార్‌కి వేద్దామనే ఆలోచన కూడా చాలామందికి వస్తుంది. వాటి పట్టు 22.2 మి.మీ.కి చేసింది, 23.8 గొట్టం మీదికి ఎక్కదు.

వాడిన బార్ దగ్గర ఆగిపోయాం

వారం తర్వాత ఆయన ఫోన్ చేశారు. చీటీలో ఉన్న కొలతలన్నీ కలిసిన బార్ ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో, కొత్తదాని ధరలో మూడో వంతుకి దొరుకుతోంది. తెచ్చి చూపించి, నచ్చకపోతే తిరిగిచ్చేసే షరతు మీద తీసుకురమ్మన్నాను.

పైకి బాగుంది. గీత లేదు, పెయింటు మెరుస్తోంది. టేప్ విప్పుతుంటే లివర్ పట్టు కింద నుంచి తెల్లటి పొడి రాలింది. గుడ్డతో తుడిచి, గోటితో గీరి చూశాను. ఆవగింజంత గుంటలు ఐదారు చేతికి తగిలాయి. చెమట ఉప్పు టేప్ కింద ఏళ్ల తరబడి కూర్చుంటే అల్యూమినియాన్ని ఇలాగే తినేస్తుంది. స్టెమ్ అంచు ఆనే చోట గొట్టం చుట్టూ సన్నటి గాడి కూడా ఉంది, ఎవరో స్టెమ్‌ని అతిగా బిగించి తిప్పినట్టు. ఈ రెండు చోట్లే హ్యాండిల్ మీద భారమంతా పడేది. "పెయింటు వేస్తే?" అన్నారు. స్టీలైతే వంగి హెచ్చరిస్తుంది, అల్యూమినియం చెప్పి విరగదు. ముందు పళ్లు పోతాయి సార్ అన్నాను. తిరిగిచ్చేశారు.

చౌక విషయంలో నా గీత ఇక్కడే. కొత్త అల్యూమినియం బార్ ఎంత చౌకైనా కొలిచి చూసి ఒప్పుకుంటాను. చరిత్ర తెలియని పాత బార్, పేరు లేని కార్బన్ బార్, ఈ రెండూ ఊరికే ఇచ్చినా బిగించను.

కొన్నది పెద్ద పేరు లేని అల్యూమినియం బార్. హుడ్స్ దగ్గర 40, ఫ్లేర్ 16, డ్రాప్ 115, రీచ్ 70. ఫ్లేర్ పూర్తిగా లివర్ కింద మొదలవ్వదు, కానీ 16 డిగ్రీలకి ఆ వాలు చేతికి పెద్దగా తెలియదు. సైకిల్ భద్రత ప్రమాణం ఐఎస్ఓ 4210 పరీక్ష గుర్తు ఉంది. తూకం 318 గ్రాములు. కార్బన్‌దైతే ఓ 80, 100 గ్రాములు తగ్గేది, ఆ తేడా సీసాలో నాలుగు గుక్కల నీళ్లు.

వచ్చిన వెంటనే రెండు పనులు చేశాను. వెర్నియర్‌తో బిగింపు చోట నిలువుగా, అడ్డంగా లావు చూశాను, రెండూ 31.8కి సరిపోయాయి. తర్వాత అద్దం బల్ల మీద బోర్లా పెట్టి వేలితో నొక్కాను. చౌక బార్లలో ఒక కొమ్ము మెలితిరిగి వస్తే ఇక్కడ టకటకమని ఊగుతుంది. ఇది కదల్లేదు.

ఇంకో సంగతి, కొసలు కొలిస్తే 46న్నర పైచిలుకు వచ్చింది. ఆయన మొదట కోరుకున్న వెడల్పు అదేగా, కోరుకున్న చోటే వచ్చింది.

బిగింపు, నా రెండు పొరపాట్లు

స్టెమ్ ముందు మూత నాలుగు బోల్టులూ ఐమూలగా, కొంచెం కొంచెంగా, పైనా కిందా సందు సమానంగా ఉండేలా 5 న్యూటన్ మీటర్లకి బిగించాను. ఎంతకి బిగించాలో స్టెమ్ మీదే ముద్రించి ఉంటుంది, ఆ అంకే ప్రమాణం. లివర్లు రెండూ ఒకే ఎత్తులో ఉన్నాయా అన్నది ఫ్లేర్డ్ బార్ మీద కంటికి మోసం చేస్తుంది. అందుకని రెండు హుడ్స్ మీదా ఒక తిన్నటి చెక్కపట్టీ అడ్డంగా పెట్టి చూసుకున్నాను.

మొదటి పొరపాటు, పొదుపు చేద్దామని పాత బ్రేకు కేబుళ్లు, వాటి తొడుగులే మళ్లీ వాడాను. పొడవు సరిపోయింది, హ్యాండిల్ రెండు వైపులా చివరిదాకా తిప్పితే ఎక్కడా లాగలేదు. కానీ పాత తొడుగులు పాత వంపులకి అలవాటు పడి ఉన్నాయి, లివర్ వైపు కొసలు నలిగి ఉన్నాయి. పది రోజులకి ఆయన వచ్చి వెనక బ్రేకు స్పాంజిలా నొక్కుకుంటోందన్నారు. కేబుల్ డిస్క్ బ్రేకులో తొడుగు ఎంత నలిగితే మన వేళ్ల బలం అంత వృథా. కొత్తవి వేసి, టేప్ మళ్లీ చుట్టాల్సి వచ్చింది, ఆ టేప్ ఖర్చు నాదే. ఇక్కడ ఒక హెచ్చరిక: ఇంట్లో గేరు తొడుగు మిగిలింది కదా అని బ్రేకుకి వాడకండి. అందులో తీగలు నిలువుగా ఉంటాయి, గట్టిగా పట్టిన బ్రేకు ఒత్తిడికి చీలిపోవచ్చు. హైడ్రాలిక్ బ్రేకులైతే గొట్టం మార్చడం, గాలి తీయడం కలిపి ఖర్చు ఇంకా పెరుగుతుంది. చౌక బార్ కొనేవాళ్లు టేప్, కేబుళ్ల లెక్క ముందే వేసుకోవాలి. ఈ కేసులో ఆ రెండూ కలిపి బార్ ధరకి దగ్గరగా వచ్చాయి.

రెండోది ఇంకా చిన్నతనం. పాత రీచ్ 85, కొత్తది 70. హుడ్స్ 15 మి.మీ. ఆయన వైపు జరిగాయి. చీటీ మీద అంకెలు రెండూ నా చేత్తోనే రాసుకుని కూడా స్టెమ్ సంగతి వదిలేశాను. మొదటి సవారీ తర్వాత ఆయన మాట: "చేతుల కుర్చీలో కూర్చుని తొక్కుతున్నట్టుంది." నా డబ్బాలో ఉన్న 100 మి.మీ. స్టెమ్ వేస్తే కుదిరింది. పూర్తి 15 పెంచలేదు, పాత బార్ ఆయనకి ఎలాగూ దూరంగానే ఉండేది.

ఆరు వారాల తర్వాత

దిగుళ్లలో ఇప్పుడు కింది కొమ్ములే పట్టుకుంటున్నారు. డ్రాప్ 15 మి.మీ. తగ్గడం ఒక కారణం, ముంజేతులు పై గొట్టానికి తగలకపోవడం ఇంకో కారణం. అక్కడి నుంచి వేళ్లు బ్రేకు మీట కొసకి దగ్గరగా పడతాయి, ఇరుసుకి దూరమైన కొద్దీ అదే బలానికి ఎక్కువ పట్టు. "రెండు వేళ్లు చాలుతున్నాయి" అన్నారు. సంచి కొమ్ముల మధ్య తగలకుండా కూర్చుంది. మణికట్ల నొప్పి మళ్లీ రాలేదు.

తిమ్మిరి మాత్రం సగమే తగ్గింది. చిటికెన వేలి వైపు నరం అరచేతి మడమ దగ్గర నలిగితే వచ్చే తిమ్మిరి ఇది. బార్ ఒక్కటి మార్చితే పోతుందని నేనూ మాటివ్వలేదు. చూస్తే సీటు ముక్కు రెండు డిగ్రీలు కిందికి వాలి ఉంది, ఆయన బరువంతా జారి చేతుల మీద పడుతోంది. దాన్ని సమం చేసి, ముందు టైరు గాలి కొంచెం తగ్గించాం. 40 కిలోమీటర్లకి వచ్చే తిమ్మిరి 65కి జరిగింది. సైకిల్ దిగాక కూడా తగ్గకపోయినా, వేళ్లలో బలం తగ్గినట్టనిపించినా డాక్టర్ దగ్గరికి వెళ్లమని చెప్పాను.

అట్టపెట్టెలోని 25 డిగ్రీల బార్‌ని ఆయన నా దగ్గరే వదిలేశారు. మూడు నెలలకి ఒకావిడ పాత స్టీలు మౌంటెన్ బైకు తెచ్చారు, దూర ప్రయాణాలకి డ్రాప్ బార్ కావాలంటూ. ఎత్తైన స్టెమ్ ముందే వేయించుకుని ఉన్నారు, చేతులు రోజంతా కిందే పెట్టుకుంటానన్నారు. భుజాలు 37. పెన్నుల పరీక్షలో 22, 24, 23. గోడకి తగిలించి ఉన్న ఆ బార్ తీసి చేతికిచ్చాను. జిగురు చారలు గోకుతూ స్టిక్కర్ చదివారు.

"ఇది 46 కదండీ, నాకు మరీ వెడల్పు కాదూ?"

టేపు ఆవిడ చేతికే ఇచ్చి, పైన ఒకసారి, కింద ఒకసారి కొలవమన్నాను.